గిరి నాయన

శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసే మునికృష్ణయ్య గారిని శిష్యులు అయ్యోరని పిలిచేవారు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి సందేహం అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. నలుపు ఎందుకు పలచబడిందని అడిగినవాణ్ణి బెల్లం కోసం బజారుకు పంపేవారు. చేప కన్ను ఎట్లా దిద్దాలని అడిగినవాణ్ణి వాకిలి ఊడవమనేవారు. ఆ పని చేస్తూ ఉండగా కొందరికి సంగతి తెలిసివచ్చేది. తెలియనివాళ్ళు అయ్యోరికి జవాబులు రావని బయట చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డా ఆయన నవ్వి ఊరుకునేవారే తప్ప అలవాటు మార్చుకోలేదు.

కార్తీక మాసం మధ్యలో ఒక పొద్దున దేవసేన అనే శిష్యురాలు ఆయన దగ్గరికి వచ్చి, ఒక ఆలుమగల కాపురంలో ఏ రోజులు బొమ్మకు పనికొస్తాయి, ఏవి పనికిరావు అని అడిగింది. ఆమె చేతిలో మడతపెట్టిన గుడ్డ ఉంది. కళ్ళ కింద నలుపు ఉంది. సరిగ్గా అన్నం తిని రెండు మూడు రోజులైందని చూసినవాళ్ళకు ఎవరికైనా తెలుస్తుంది.

సంగతి ఇది. ఎండాకాలం చివర తిరుపతి నుంచి రేవతి అనే నర్సు వచ్చి దేవసేనకు ఒక పని ఒప్పజెప్పింది. రేవతి అమ్మానాన్నలు కాళహస్తిలోనే ఉంటారు. తండ్రి ఏకాంబరం బస్టాండు దగ్గర సైకిలు షాపు పెట్టుకున్నాడు. తల్లి దొరసానమ్మ బడిపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు వంట చేసి మానుకుంది. వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. రామాయణం గుడ్డ మీద గడులు గడులుగా కథ నడిచినట్టు, పెళ్ళినాటి నుంచి నేటిదాకా వాళ్ళ కాపురం ఒక గుడ్డ మీద నడవాలి, ఆ గుడ్డ యాభై ఏళ్ళ పండగనాడు నడింట్లో గోడకు వేలాడాలి అని రేవతి ముచ్చటపడింది. తనకు తెలిసినవి చెప్పింది: పెళ్ళి, షాపు తెరవడం, తను పుట్టడం, ఇల్లు కట్టడం, మనవరాలు. ఇంకా ఏమైనా కావాలంటే వాళ్ళనే అడగమంది. దేవసేనకు అది సొంతంగా చేతికొచ్చిన మొదటి పని. అంతవరకూ ఆమె అయ్యోరు గీసిన గీతల్లో రంగు నింపిందే గాని, ఏ కథ ఎక్కడ మొదలుపెట్టాలో తనంతట తాను నిర్ణయించింది లేదు.

ఒకరి ముందు ఒకరు మొహమాటపడతారేమోనని ఆమె ఇద్దరినీ వేరువేరుగా అడిగింది. దొరసానమ్మ దగ్గర ఎక్కువ మాటలు రాలేదు. పెళ్ళిలో పందిరి కూలిన సంగతి చెప్పింది. కొత్తింట్లో పాలు పొంగించిన రోజున వాన కురిసిన సంగతి చెప్పింది. మిగతాదంతా వండుకోవడం, తినడమే అంది. భర్త ప్రస్తావన వచ్చినప్పుడల్లా రేవతి నాయన అంటూ వచ్చింది. ఏకాంబరం మాత్రం చక్రం ఊచలు బిగిస్తూ చాలాసేపు చెప్పాడు. చివర పని ఆపి, గిరిని ఎత్తుకుని పరిగెత్తింది కూడా వెయ్యాలన్నాడు. గిరి ఎవరో దేవసేనకు తెలియదు. రేవతికంటే ముందు పుట్టిన కొడుకట. మూడో ఏడు నిండలేదు. దొరసానమ్మ పుట్టింటికి పోయి ఉన్న రోజున జ్వరం వచ్చి, మధ్యాహ్నానికి ఫిట్స్ పట్టుకుందట.

"అంగడి నిండా సైకిళ్ళే పాపా. అట్ల కొట్టుకుంటా ఉండే బిడ్డను పట్టుకోని సైకిలు తొక్కేదెట్ల? భుజాన వేసుకోని పరిగెత్తినా. ఆస్పత్రి గేటు కాడికి పోయేసరికి భుజం మీద బరువు మారింది," అన్నాడు ఏకాంబరం. మళ్ళీ చక్రం అందుకున్నాడు.

దేవసేన ఇంటికి వచ్చి చింతబొగ్గుతో ముందు ఆ గడే గీసింది. మనిషి వంగిన వీపు, భుజం మీద వేలాడిన చిన్న చేయి, పక్కన ఖాళీ బాట. చెయ్యి తడబడలేదు. మిగతా గడులన్నిటికంటే అదే బాగా కుదిరింది. కుదిరిందని ఆమె లోలోపల సంతోషపడింది కూడా. తర్వాతి రోజుల్లో ఆమెను ఎక్కువగా కాల్చింది ఆ సంతోషమే.

నలుపు ఎక్కించే ముందు చూపించి రావడం మంచిదని బొగ్గు గీతల గుడ్డ తీసుకుని వాళ్ళింటికి పోయింది. దొరసానమ్మ గుడ్డ ఒళ్ళో వేసుకుని ఒక్కో గడీ వేలితో తాకుతూ చూసింది. ఆ గడి దగ్గర వేలు ఆగింది. బాగుందమ్మా అని గుడ్డ మడిచి ఇచ్చి, లోపలికి పోయి కాఫీ కలుపుకొచ్చింది. అంతే జరిగింది. మరునాటికల్లా ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఏర్పేడులో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆ గుడ్డ గోడకెక్కితే ఆ ఇంట్లో తను ఉండనని చెప్పి మరీ వెళ్ళింది. ఏకాంబరం షాపు తెరవడం మానేశాడు. దేవసేన పోయి అడిగితే, వాడు లేకుండా వేస్తే అది మా కథ కాదు, వేసేదుంటే వాణ్ణి వెయ్యి, లేకుంటే గుడ్డే వద్దు అన్నాడు.

ఆ సాయంత్రం రేవతి ఫోను చేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది దేవసేనకు.

"దేవసేనా, అన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాకే సరిగా తెలీదు. అమ్మ నా ఫోను కూడా తియ్యడంలేదు. నువ్వు అసలు ఏం అడిగినావు వాళ్ళని?"

దేవసేన అడిగిందల్లా మీ కాపురంలో గుర్తుండిపోయిన రోజులేవి అని. ఆ ఒక్క ప్రశ్నతో యాభై ఏళ్ళ కాపురం రెండు ఊళ్ళకు చీలిపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆమెకు వాసన తెలియడం లేదు. వీధిలో ఫోను మోగితే తనదే అనుకుని ఉలిక్కిపడుతోంది. భర్త లోకనాథం పక్కన కూర్చుని టీ తాగుతుంటే, ఇదే ప్రశ్న ఈయన్ని అడిగితే ఏ రోజులు చెబుతాడో, అందులో తనకు తెలియని రోజు ఏదైనా ఉంటుందేమోనని గుబులు పట్టుకుంది. అడగడానికి ధైర్యం చాల్లేదు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ గుబులు ఆమెకు కొత్త.

ఇదంతా ఆమె అయ్యోరికి చెప్పుకుంది. బిడ్డకు బదులు ఒక దీపం గీస్తే ఇద్దరికీ సరిపోతుందేమోనని కూడా అడిగింది. మునికృష్ణయ్య గారు కుండలో ఊరిన కసీం, అంటే బెల్లమూ ఇనుపముక్కలూ వేసి చేసే నల్లరంగు నీళ్ళు, వడగట్టుకుంటున్నారు. పని ఆపకుండానే విన్నారు. గుడ్డ విప్పి చూపబోతే అక్కర్లేదని తల ఊపారు. కొత్త గుడ్డ ఒకటి, కోరాది, పేడనీళ్ళలో నానబెట్టమన్నారు. రేపు పొద్దున స్వర్ణముఖి ఏట్లో దాని గంజి వదిలించాలి, దానికి ఏకాంబరాన్నీ దొరసానమ్మనీ రమ్మనమన్నారు. గుడ్డ ఎవరిదైతే మొదటి ఉతుకు వాళ్ళ చేతుల మీదుగానే జరగాలి, అది మన ఆనవాయితీ అని చెప్పమన్నారు.

దేవసేన ఎన్నో కొత్త గుడ్డలు ఏట్లో ఉతికింది. అన్నీ కూలివాళ్ళతో కలిసి ఉతికినవే.

"అట్లాంటి ఆనవాయితీ మనకు లేదు కదా, అయ్యోరూ?"

"రేపటి నుంచి ఉంటుంది," అన్నారాయన.

ఆ అబద్ధాన్ని రెండు ఇళ్ళకూ మోయడం ఆమెకు ఎంత కష్టమైందో చెప్పనలవి కాదు. ఏర్పేడులో దొరసానమ్మ చిక్కుళ్ళు గిల్లుతూ కూర్చుంది. చివరికి, ఆచారమంటే కాదనకూడదు, కాని ఆ మనిషితో మాట్లాడమనొద్దు అంది. ఏకాంబరం అంతకంటే తక్కువ మాట్లాడాడు. వస్తానన్నాడో రానన్నాడో కూడా ఆమెకు సరిగ్గా అర్థం కాలేదు.

పొద్దున ఇద్దరూ వచ్చారు. దొరసానమ్మ చెల్లెలితో ఆటోలో వచ్చింది, ఏకాంబరం సైకిలు మీద వచ్చాడు. ఆ ఏడు వానలు బాగా పడి ఏట్లో మోకాటిలోతు నీళ్ళు పారుతున్నాయి. అయ్యోరు గట్టున గొడుగు వేసుకుని కూర్చున్నారు. పొడుగాటి తడిగుడ్డకు ఒక కొస ఏకాంబరం చేతికి, ఒక కొస దొరసానమ్మ చేతికి ఇప్పించారు. దేవసేనను నడుమ నిలబడి గుడ్డ మడత పడకుండా చూసుకోమన్నారు. తర్వాత ఏమీ చెప్పలేదు.

నీళ్ళు తగలగానే గుడ్డ బరువెక్కింది. పారే నీళ్ళు ఒకవైపు లాగుతుంటే ఇద్దరూ రెండువైపులా బిగించి పట్టుకోవాలి. ఒకరు వదులు చేస్తే రెండోవాళ్ళ చేతులు గుంజుకుపోతాయి. కొంచెం పైకెత్తమని చెప్పు పాపా అని దొరసానమ్మ దేవసేనతో అనేది. ఎత్తినానని చెప్పు అని ఆయన అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య గుడ్డ పొడవు కంటే ఎక్కువ దూరం లేదు. ప్రతి మాటా దేవసేన మీదుగా పోయి దేవసేన మీదుగా వచ్చింది. ఇక్కడ నలుగురి ముందు ఆ కాపురం తెగిపోతే ఇక అతకదేమోనని ఆమె గట్టువైపు చూసింది. అయ్యోరు నీళ్ళవైపు చూస్తున్నారు.

గుడ్డ ఇంకా బిగించాలని ఏకాంబరం వెనక్కి ఒక అడుగు వేశాడు. అక్కడ ఎవరో ఇసుక తవ్వుకుపోయిన గుంట ఉంది. పైన నీళ్ళు పారుతుండటంతో కనబడలేదు. కాలు జారి, ముందు నడుము, తర్వాత గడ్డం దాకా మునిగాడు. చేతిలో కొస జారిపోయింది.

"గిరి నాయనా!"

దొరసానమ్మ గొంతు అది. దేవసేన ఎన్నడూ వినని గొంతు. ఆమె తన కొస ఎప్పుడు వదిలిందో, ఆ వయసులో ఆ నీళ్ళలో అంత దూరం ఎట్లా నడిచిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి ఆయన చొక్కా మెడ దగ్గర పట్టుకుని ఉంది. నీళ్ళు మింగుతూ, మోచేత్తో ఇసుక వెతుక్కుంటూ, ఏకాంబరం "ఆ, ఇదో, వస్తా ఉండా," అన్నాడు. ఆ పేరుతో రోజూ పిలిపించుకునే మనిషి పలికినట్టే పలికాడు.

కొత్త గుడ్డ నీళ్ళలో చుట్టుకుంటూ దూరంగా పోతోంది. దేవసేన ముందు గుడ్డవైపు రెండడుగులు వేసింది. సిగ్గుపడి వెనక్కి తిరిగి ఆయన రెండో చెయ్యి అందుకుంది. అప్పటికి అయ్యోరు గొడుగు పారేసి నడుముదాకా నీళ్ళలోకి వచ్చేశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుడ్డ, అయ్యోరూ అని ఆమె అంటే, పోనీ అన్నారు.

ముగ్గురూ కలిసి ఏకాంబరాన్ని ఒడ్డుకు చేర్చారు. చెల్లెలు తువ్వాలు తెచ్చింది. దొరసానమ్మ ఆయన తల తుడుస్తూ, కళ్ళు కనబడని మనిషి వెనక్కి నడిచేదెందుకని ఈసారి దేవసేన మీదుగా కాక నేరుగా ఆయన్నే తిట్టింది. ఆయన దగ్గు ఆగేదాకా తిట్టింది. తర్వాత ఇద్దరూ తడి ఇసుక మీద కూర్చుండిపోయారు. ఆమె నోటి నుంచి వచ్చిన పేరు అందరూ విన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఏకాంబరమే కాసేపటికి, ఏటివైపు చూస్తూ, ఆ గడి వెయ్యమన్నది నీ మీద పంతానికి కాదన్నాడు.

"ఆ దినం నువ్వు లేవు. నేనొక్కణ్ణే చూసినా. నువ్వు కూడా ఒకసారి చూడాలని ఉండె. అంతే."

దొరసానమ్మ తువ్వాలు పిండింది.

"చూడలేదని ఎవరు చెప్పినారు? ఆ సాయంత్రం నేను బస్సు దిగినప్పటి నుంచి అదే చూస్తా ఉండా. అది ఒకటే చూసి చూసి, వాడి మిగతా దినాలన్నీ పోగొట్టుకున్నా. దాన్ని గోడకు కూడా తగిలిస్తే నేనేమయిపోవాల? ఆ దినం వాడిది కాదు. వాడివి వేరే ఉన్నాయి."

ఏవి అని ఆయన అడగలేదు. దేవసేన నోటిదాకా వచ్చిన ప్రశ్నను దిగమింగుకుంది. దొరసానమ్మే మొదలుపెట్టింది. షాపులో పంక్చరు చూసే నీళ్ళ తొట్టి ఉండేది. గాలి కొట్టిన ట్యూబు అందులో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. గిరికి అవి ఎంత చూసినా తనివి తీరేది కాదట. ఒకనాడు దబ్బనం చేతికి దొరికితే మంచి ట్యూబులన్నిటికీ పొడిచిపెట్టాడట. తండ్రి కొట్టడానికి చెయ్యెత్తాడట. తను అడ్డం పోయిందట. వాడు మాత్రం వాళ్ళను చూడకుండా ఒక ట్యూబు తొట్టిలోకి తోసి, ఒకటి కాదు, వరసగా లేచిన బుడగలను చూసి చప్పట్లు కొట్టాడట. అంతే, ముగ్గురూ తొట్టి చుట్టూ కూర్చుండిపోయారట. ఒక్కో ట్యూబూ ముంచి చూసుకుంటూ, బేరం వచ్చినా పట్టించుకోకుండా.

ఏకాంబరం తల తిప్పి ఆమెను చూశాడు. ఆ రోజు ఆయనకు గుర్తులేదు. కాసేపు గుర్తురాలేదు. తర్వాత ఒక్కసారిగా వచ్చింది. దబ్బనం కాదు, అది గొడుగు కమ్మి అన్నాడు. దబ్బనమే అంది ఆమె. ఆ ట్యూబుల్లో ఒకటి పోస్టుమేనుది, పాపం ఆ పొద్దంతా నడిచే ఉత్తరాలు పంచినాడు అన్నాడు. పోస్టుమేను కాదు, పాలాయన అంది. గొడుగు కమ్మి, పోస్టుమేను అని ఆయన మళ్ళీ అన్నాడు. ముఖం తువ్వాల్లో పెట్టుకున్నాడు. దొరసానమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి, సరేలే, పోస్టుమేనే అంది.

గుడ్డ దొరకలేదు. అయ్యోరు ఇంకో కోరా గుడ్డ ఇచ్చారు. దాన్ని దేవసేన కూలివాళ్ళతోనే ఉతికింది. పెళ్ళి పందిరి, వాన, షాపు, రేవతి, ఇల్లు, మనవరాలు అన్నీ వేసింది. నడుమ ఒక పెద్ద గడిలో నీళ్ళ తొట్టి మీదికి వంగిన మూడు తలలు వేసింది. ముఖాలు కనబడవు. బాటమీద పరిగెత్తే మనిషి గడి మాత్రం వేరే చిన్న గుడ్డ మీద వేసి ఏకాంబరం చేతికిచ్చింది. అది గోడకెక్కలేదు. ఆయన, దొరసానమ్మ కలిసి ఒకసారి చూసి పెట్టెలో పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. పండగనాడు రేవతి ఆ పెద్ద గడి ముందు చాలాసేపు నిలబడింది. ఈ పిల్లవాడు ఎవరని ఆమె కూతురు అడిగితే, మీ మామ అని చెప్పింది. ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు.

పండగ అయిన మరునాడు దేవసేన అయ్యోరి దగ్గరికి పోయింది. బరువు దిగినా భయం పూర్తిగా వదల్లేదు. ఏట్లో ఏకాంబరానికి ఏమైనా అయివుంటే అన్న ఆలోచన ఇంకా వెంటాడుతోంది. ఆ గుంట సంగతి మీకు ముందే తెలుసా అని అడిగింది. తెలియదు పాపా, తెలిసుంటే దింపుతానా, ఆ పొద్దు నుంచి నాకూ నిద్రలేదు అన్నారాయన. మరి వాళ్ళను పిలిపించింది దేనికని అడిగితే, కసీం కుండ మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టారు.

ఆమె లేచి పోబోతూ ఆగింది. ఇంకో జంట కోసం గుడ్డ వెయ్యమని నాయుడుపేట నుంచి మనిషి వచ్చిపోయాడని చెప్పింది. ఈసారి తప్పు జరగకుండా, వాళ్ళను మొట్టమొదట ఏమని అడగాలో అది ఒక్కటి చెప్పమని బతిమాలింది.

మునికృష్ణయ్య గారు ఆమె ముఖంలోకి చూశారు.

"గుడ్డ చెరొక కొసా వాళ్ళ చేతికియ్యి. ఇచ్చినాక నువ్వు మాట్లాడొద్దు," అన్నారు.